మిరప కల్లంలో టెలిస్కోపు

చిక్కటి చీకటి దొరుకుతుందని ఈ రాత్రి వినుకొండ దగ్గర మా బాబాయి మిరప కల్లంలో టెలిస్కోపు పెట్టాను. నానా తంటాలు పడి చుక్కల మధ్య వెలుగు మబ్బులా ఉండే ఓరియన్ నెబ్యులాని పట్టుకుని, చూడమని బాబాయిని పిలిచాను.

"అదెక్కడికీ పోదులేరా. ముందు దీన్ని దించి, ఆ కోటయ్య కల్లం వైపు తిప్పు" అన్నాడు బాబాయి.

తిప్పాను. ఈ టెలిస్కోపులో అన్నీ తిరగబడే కనిపిస్తాయి కాబట్టి, దూరంగా బల్బు వెలుతుర్లో కోటయ్య తలకిందులుగా కనిపించాడు. రేపు అమ్మకానికి మిర్చి యార్డుకి తోలాల్సిన కాయల మీద నీళ్లు చల్లుతున్నాడు.

"చూశావా, తూకం కోసం ఎట్టా తడుపుతున్నాడో దొంగసచ్చినోడు!" అంటూ బాబాయి చాలాసేపు కన్ను తియ్యలేదు. పిన్నిని కూడా లేపుకొచ్చి చూపించాడు.

తర్వాత తీరిగ్గా లేచి, "ఇంక నీ చుక్కలు చూసుకో. గొట్టం మాత్రం పైకే ఉంచు" అని, బకెట్టు పట్టుకుని తన కాయల వైపు నడిచాడు.

నేను బుద్ధిగా ఆకాశంలోకే చూస్తున్నాను. మీరైతే ఎటు తిప్పేవారు?