గునుగా, మిడతా?

హలీమవ్వ దృష్టిలో మనుషులు రెండే రకాలు: గునుగు పువ్వులు, గడ్డి మిడతలు. సిరిసిల్ల మగ్గాల వాడలో ఎవరు ఎదురొచ్చినా ఆమె మొదటి మాట ఒకటే. "నువ్వు గునుగా, మిడతా?"

గునుగు ఎవరూ నీళ్లు పోయకపోయినా బీట్లో నిలబడి పూస్తుంది. మిడత గడ్డి ఉన్నచోటికల్లా ఎగురుతుంది. "రెండిట్ల ఏది మంచిగ బతుకుతది?" అని బీపీ చూసే నర్సును అడిగింది. నర్సు నవ్వాపుకోలేక బీపీ మళ్లీ చూడాల్సి వచ్చింది. ఆటో జుబేర్‌ను అడిగితే, జవాబు వెతుక్కుంటూ ఆసుపత్రి దాటి కిలోమీటరు పోయాడు.

"మిడతే అవ్వా, మిడతే! దిగు!"

"గట్ల కస్సుమంటవేంది? ఇంట్ల ఏమన్న లొల్లా?"

నిజంగానే లొల్లి. అదంతా చెప్పుకునేదాకా ఆటో కదల్లేదు.

పక్కింటి సరిత మాత్రం నవ్వలేదు. "గునుగునే అవ్వా. కాళ్లు భూమిల ఇరుక్కున్నయి."

జగిత్యాల నర్సింగ్ కాలేజీలో సరితకు సీటొచ్చింది. చేరడానికి రేపే ఆఖరు. తండ్రి దుర్గయ్య పంపనంటున్నాడు.

అవ్వ చెప్పులైనా తొడుక్కోకుండా నడిచింది.

"దుర్గయ్యా, గునుగా, మిడతా?"

"గునుగే! ఆడపిల్ల గునుగు లెక్క ఉన్నకాడ్నే ఉండాలె."

"మరి నువ్వు?"

"నేనూ గంతే."

"పన్నెండేండ్లు భీవండి మగ్గాలకాడ ఉన్నదెవరు, నీ నీడనా?"

"గది కడుపు కోసం అవ్వా!"

"మిడత షోకుకు ఎగురుతదా?"

దుర్గయ్య తల గోక్కున్నాడు. "మిడత సంగతి ఇడ్సిపెట్టు. గునుగు కదుల్తదా, చెప్పు!"

అవ్వ వేలు పైకెత్తింది. అతని డాబా పిట్టగోడ పగుల్లో గులాబీరంగు కంకులేసుకుని గునుగు మొక్క ఊగుతోంది.

"గది మెట్లెక్కి అచ్చిందా, ఇత్తనమై ఎగిరి అచ్చిందా?"

దుర్గయ్య మెడ నొప్పెట్టేదాకా చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "బస్సెన్నింటికే?"

మర్నాడు జగిత్యాల బస్సులో సరితకు ఒకటి తట్టింది. అవ్వ ఇన్నేళ్లలో ఎవరి జవాబునూ తప్పనలేదు. జవాబు వెనకాల వచ్చే మాట కోసమే ఆమె కాచుకునేది.

హాస్టల్లో పక్కమంచం పిల్ల ధర్మపురి నుంచి వచ్చింది. సంచి విప్పకుండా గోడవైపు తిరిగి ముక్కు ఎగబీలుస్తోంది. సరిత గొంతు సవరించుకుంది.

"పిల్లా, నువ్వు గునుగా, మిడతా?"

ఆ పిల్ల ఏడుపాపి తేరిపార చూసింది. "పిచ్చా నీకు?"

"కొంచెం. మా అవ్వది అంటుకున్నది. ఇగ చెప్పు."