రాజోలిలో ఎర్ర కుర్చీ

"క్రీస్తు మనల్ని స్వతంత్రులను చేశాడు" అని మా వనపర్తి పాస్టరుగారు గంటసేపు ప్రసంగించి, ఆమెన్ అన్న మరుక్షణం నావైపు తిరిగి "తమ్ముడూ, కుర్చీలు ఎత్తిపెట్టు" అన్నారు. కుర్చీలు, మైకు, చివరికి గుమ్మం దగ్గర చెప్పుల వరుస, ఏళ్లుగా అన్నీ నా నెత్తిమీదే. నాకు తిక్కరేగింది. ఒక్క ఆదివారం నాకెవరూ పని చెప్పని మందిరంలో హాయిగా కూర్చోవాలి, అది బాగుంటే ఈ సేవకో దండం పెట్టేయాలి అనుకున్నాను. తుంగభద్ర పక్కన రాజోలిలో నన్ను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు కాబట్టి అక్కడికే బయల్దేరాను.

ఉదయం ఆరింటికి వనపర్తిలో బస్సెక్కి, పెబ్బేరులో గద్వాల బస్సు పట్టుకున్నాను. గద్వాలలో వేడివేడి బొరుగుల ఉగ్గాని తిని, అయిజ మీదుగా శాంతినగర్ చేరేసరికి పది కావస్తోంది. అక్కడి నుంచి షేర్ ఆటో, ముప్ఫై రూపాయలు.

"రాజోలిల ఎవరున్నరు సార్?" అన్నాడు డ్రైవర్.

"ఎవరూ లేరు. ఊరికే కూర్చోవడానికి వెళ్తున్నా."

"గా పనికి గింత దూరమా? మా ఇంటికాడ అరుగు ఖాళీగనే ఉండె!"

మందిరంలో అందరూ చాపల మీద కూర్చుంటే, ఊరికి వచ్చిన చుట్టాన్నని నాకు మాత్రం ముందు వరుసలో ఎర్ర కుర్చీ వేసి, భుజాన తువ్వాలు కప్పారు. కోరుకున్నదానికి రెట్టింపు దొరికింది. ఇంతలో మైకు కుయ్యిమంది. స్పీకరు మైకు వైపే తిరిగి ఉంది. కాస్త పక్కకు జరిపితే చాలు. నేను లేవబోతే, అక్కడ వంటలన్నీ చూసుకునే సువార్తమ్మ అనే అవ్వ భుజం పట్టి కూర్చోబెట్టింది. "సుట్టానివి, నీకేంది పరేషాన్? కూసో!" మైకు కూస్తూనే ఉంది, నా చేతులు దురద పెడుతూనే ఉన్నాయి. వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఆరాధన అయ్యాక ప్రేమ విందు, అంటే సంఘమంతా కలిసి తినే భోజనం. పంక్తి గుమ్మం దాటిపోయింది, వడ్డించేది ఇద్దరే, పప్పుచారు చల్లారిపోతోంది. ఇక ఆగలేకపోయాను.

"అవ్వా, ఆ బకెట్ ఇటివ్వు."

"సుట్టంతోని పని జేపిస్తె మా ఊరి ఇజ్జత్ ఏంగావాలె?"

"మా సంఘంలో నేను చేసేది ఇదే. విసుగొచ్చి ఇక్కడికొచ్చా."

"ఇడిసిపెట్టొచ్చి మల్ల గదే అడుగుతున్నవేంది?"

నేను చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె నవ్వి బకెట్ చేతికిచ్చింది. "కూసున్నంతసేపే సుట్టానివి. ఇది పట్టినవంటె ఇంటోనివి. మల్ల గిన్నెలు తోమెదాక పోనియ్య."

నిజంగానే పోనివ్వలేదు. మోచేతులదాకా మసి పూసుకుని గిన్నెలు తోముతుంటే, చాలా నెలల తర్వాత నాకు ప్రార్థన దానంతటదే వచ్చింది. అక్కడ ఎవరూ నన్ను బకెట్ పట్టమనలేదు. కూర్చుని ఉంటే ఇంకా మర్యాద చేసేవాళ్లు. అయినా నా అంతట నేనే లేచాను. దేవుని ఇంట్లో ఇన్నాళ్లూ నేను కూలివాడిలా సణుక్కుంటూ పని చేశానని, ఆయన నన్ను పెట్టుకున్నది కొడుకుగా అని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

మీరూ వెళ్తే ఒక్క మాట: శాంతినగర్ ఆటోలు చీకటి పడకముందే తగ్గిపోతాయి, నాలుగున్నరకల్లా రోడ్డు మీదుండండి. తెల్ల చొక్కా మాత్రం వద్దు. నా చొక్కా మీద పప్పుచారు మరక ఎన్ని ఉతుకులకూ వదల్లేదు. మొన్న ఆదివారం దాన్నే వేసుకుని మా వనపర్తి మందిరానికి వెళ్లి, పాస్టరుగారు రాకముందే కుర్చీలన్నీ వేసేశాను.