బడి బీరువా తాళంచెవి

ఎల్బీనగర్‌లో మా చెల్లెలి ఇంటికి చేరిన రోజు, స్నానానికి వెళ్ళబోతూ జాకెట్టుకున్న పిన్నీసు తీశాను. దానికి తాళంచెవి వేలాడుతోంది. జాంబియాలో ఒక మారుమూల పల్లెకు మిషనరీగా వెళ్ళి, పద్దెనిమిదేళ్ళుగా నేను నడుపుతున్న బడి బీరువాది అది. పుస్తకాలు, పలకలు, సుద్దముక్కలు, బైబిలు కథల పటాలు అన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి. తాళం వేసి, చెవిని అలవాటుగా పిన్నీసుకు తగిలించుకుని విమానం ఎక్కేశాను. దానికి రెండో చెవి లేదు.

ఆ బీరువాకి తాళం ఊరికే పెట్టలేదు. నేను వెళ్ళిన కొత్తలో పదకొండు మంది పిల్లలు, ఒక మామిడిచెట్టు నీడ, అదే బడి. మొదటి ఏడాదే మేకలొచ్చి నోవహు ఓడ పటాన్ని నమిలేశాయి. ఓడలో ఎక్కని మేకలన్నమాట. అప్పటినుంచి ఏ వస్తువైనా నేనే తీసి ఇవ్వాలి, సాయంత్రం నేనే సర్దాలి. మట్టి ఇటుకలతో గది లేచినా, పిల్లలు వందకు దగ్గరైనా, చెవి మాత్రం నా దగ్గరే. ఆ పదకొండు మందిలో ఒక పిల్ల పెద్దదై, పై చదువు చదివి, టీచరై నా పక్కనే పాఠం చెబుతోంది. తన చేతికి కూడా చెవి ఇవ్వలేదు నేను. బడి నాది అనుకున్నాను. గర్వం పాపమని ఆదివారం ఆదివారం చెప్పిన నోరు నాది, ఏం చెయ్యను.

ఇప్పుడు నా భయమంతా ఒకటే. అక్కడ మొక్కజొన్న విత్తే రోజులు. పుస్తకం చేతిలో లేకపోతే తండ్రులు పిల్లల్ని చేలోకి తీసుకుపోతారు. అలా పోయిన పిల్లలు మళ్ళీ రారు, ముఖ్యంగా ఆడపిల్లలు. ఒక్కొక్కరి గుమ్మం ముందు నిలబడి బతిమాలి తెచ్చుకున్నవాళ్ళు!

ఆరు వారాల సెలవు మీద వచ్చాను గానీ, చెవి కోసం వెంటనే వెనక్కి పోదామన్నా దారి కనపడలేదు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. వీసా కాగితాలు చూసే ఆఫీసు తలుపు తెరిచిన రోజు బస్సు ఉండదు, బస్సు ఉన్న రోజు తలుపు తెరవదు. చెవినైనా పంపిద్దామని ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను. కోచింగ్ సెంటర్లన్నీ మూతపడి రోడ్డు బోసిగా ఉంది. సగం దించిన షట్టరు కింద నుంచి కొరియర్ అతను ముందు పిన్‌కోడ్ అడిగాడు. ఆ ఊరికి పిన్‌కోడ్ లేదన్నాను. చెవి నా చేతిలో పెట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి కింద వాటా ఇంటావిడ, హయత్‌నగర్ దగ్గరి పల్లె మనిషి, వంటావార్పుకు గిన్నెలు సర్దుతోంది. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండుకు తినడం అప్పటి నిరసన.

"గట్ల పరేషాన్ ఎందుకైతున్నవక్కా? గన్నేండ్లు సదువు చెప్పినవు గద. ఆళ్ల బడి ఆళ్లు నడుపుకోరా ఏంది?" అంది నా గోడు విని.

నాకు ఒళ్ళు మండింది. "నీకేం తెలుసమ్మా" అనేసి మెట్లెక్కాను. చెల్లెలు కాఫీ ఇస్తూ, "ఆవిడ తప్పేమందక్కా?" అంది. దాని మీదా విసుక్కున్నాను.

మా టీచరు పిల్ల ఫోనుకు సిగ్నల్ రావాలంటే ఊరి చివర చెదలపుట్ట ఎక్కాలి. ఆదివారం సాయంత్రాలు ఎక్కి నిలబడతానని మాటిచ్చింది. రెండు ఆదివారాలు లైను కలవలేదు. మూడో ఆదివారం కలిసింది. పలకరింపులు కూడా లేకుండా, "పిల్లలు మానేశారా?" అని అడిగాను.

"ఎందుకు మానేస్తారు?" అంది. "రెండో రోజే బీరువా తలుపు ఊడదీశాం. మీకు కోపం వస్తుందని భయపడ్డాం. తలుపు మళ్ళీ పెట్టలేదు. పుస్తకాలు ఇళ్ళకు తీసుకెళ్తున్నారు, తెస్తున్నారు. విత్తనాల పని ఉన్నవాళ్ళకు తెల్లవారగానే పాఠం చెబుతున్నాం. చిన్నవాళ్ళకు చెప్పడానికి తల్లులు వంతులేసుకున్నారు. ఆడపిల్లలు ఇంకో నలుగురు చేరారు."

పద్దెనిమిదేళ్ళలో నాకు తోచని పని, తెల్లవారగానే బడి. కోపం రాలేదా అంటే వచ్చింది. నా బీరువా, నా తలుపు! ఆ వెనకే కళ్ళు నిండిపోయాయి.

"మరి నేనొచ్చి ఏం చెయ్యాలే?" అన్నాను.

అవతల గాలి హోరు. పెద్దదాన్ని నొప్పించకూడదని మెత్తగా చెప్పింది పాపం.

"మీరొచ్చి వెనక బెంచీలో కూర్చోండి. మేం చెబుతుంటే వినండి" అంది.

ఫోను పెట్టేసి ఏడ్చాను. చెల్లెలు పరుగున వచ్చి, "ఏమైందక్కా, బడి మూతపడిందా?" అని భుజం పట్టుకుంది.

"నేను లేకుండానే నడుస్తోందే" అన్నాను. నా బతుకులో అంత గొప్పగా ఏ మాటా చెప్పుకోలేదు.