ఎడమ గోడ పక్కన కుర్చీలు

మొన్న మంగళవారం పొద్దున అమీర్‌పేటలో మెట్రో మారుతుంటే షబానా ఫోన్ చేసింది. "స్రవంతీ, మేడం పోయిన్రు" అంది. ఏ మేడం అని నేను అడగలేదు. మా ఇద్దరికీ మేడం అంటే ఒక్కరే. పంజాగుట్టలో మేం డిగ్రీ చదివిన కాలేజీలో కామర్స్ చెప్పిన మేడం. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. వచ్చిన రైలును వదిలేసి ప్లాట్‌ఫారం మీద కూలబడ్డాను. ముందు వచ్చింది కన్నీళ్లు కాదు, కోపం. నాకు ఏడుపైనా కోపం వెంటే వస్తుంది, ఏం చెయ్యను.

కొత్త పిల్లలు చేరే రోజున మా కాలేజీలో రెండో ఏడాది వాళ్లు వాలంటీర్లుగా ఉండేవారు. గేటు దగ్గర పలకరించడం, గదులు చూపించడం, తల్లిదండ్రుల సందేహాలు తీర్చడం అంతా మా పనే. చాలాచోట్ల వాలంటీరంటే వెట్టిచాకిరి. బ్యాడ్జీ తగిలించి ఎండలో నిలబెడతారు, అంతే. మేడం దగ్గర అలా కాదు. ముందు రోజే మమ్మల్ని స్టాఫ్‌రూమ్‌కి పిలిచి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పెట్టేవారు. తింటుంటే ఒక ప్రశ్న అడిగేవారు: "మీరు మొదటి రోజు ఎక్కడ తప్పిపోయారు?" ఎవరు ఎక్కడ తప్పిపోయారో వాళ్లకు అక్కడే డ్యూటీ. నేను ఫీజు కౌంటర్ దగ్గర ఏడ్చానని చెప్పాను, నాకు ఫీజు కౌంటర్. షబానా లేడీస్ బాత్రూం ఎక్కడో అడగడానికి సిగ్గుపడి సాయంత్రం దాకా ఓర్చుకుందట. పాపం, తనకు బాత్రూం వైపు తిరిగే మలుపు దగ్గర డ్యూటీ ఇచ్చారు.

మేడంది గుంటూరు వైపు. మామూలు రోజుల్లో "ఏంటమ్మా, హోంవర్క్ ఏదీ?" అని గద్దించే మనిషే ఆ ఒక్కరోజు మమ్మల్ని "స్రవంతి గారూ, షబానా గారూ" అనేవారు. మేం పగలబడి నవ్వేవాళ్లం. "నవ్వకండి. తిట్లు తిన్న నోటితో స్వాగతం పలకలేరు" అనేవారు. హాల్లో ఎడమ గోడ పక్కన కొన్ని కుర్చీలు మా కోసమే వేయించేవారు. కాళ్లు పీకినవాళ్లు వంతులవారీగా వచ్చి కూర్చోవాలి. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు.

మా వంతు వచ్చిన ఏడాది ముట్టుకున్నారు. చైర్మన్ గారు తన బంధువులతో వస్తున్నారని కబురు రావడంతో, మా ఏవో సార్, అంటే ఆఫీసు వ్యవహారాలు చూసే పెద్దాయన, కుర్చీల కోసం హాలంతా వెతుకుతూ వచ్చాడు. షబానా అప్పుడే కూర్చుంది. తెల్లవారినప్పటి నుంచి నిలబడే ఉంది పిల్ల.

"కుర్సీల కూసునుటానికి పిలిచినమా నిన్ను? లే! పెద్దోళ్లు వస్తున్నరు, ఎర్కలేదా?" అని అంత మందిలో అరిచాడు.

ఇంతకుముందే షబానా దారి చూపించిన ఒక తండ్రి తల పక్కకు తిప్పుకున్నాడు. షబానా లేచి, కుర్చీ తనే మోసుకెళ్లి ఇచ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బ్యాడ్జీ పీకి ఏవో సార్ ముందు బల్ల మీద పెట్టాను. "మేం పోతున్నం సార్. మీ పెద్దోళ్లకు మీరే దారి చూపించుకోండి."

"ఛోడ్ దే స్రవంతీ" అని షబానా నా చెయ్యి లాగుతూనే ఉంది. కానీ ఒకరి వెనక ఒకరు అందరూ బ్యాడ్జీలు తీసేశారు. బయటి మెట్ల మీద కూర్చున్నాం. లోపల ఏ గ్రూపు ఏ గదో చెప్పేవాళ్లు లేక గోల మొదలైంది. చైర్మన్ కారు పంజాగుట్ట ఫ్లైఓవర్ దాకా వచ్చిందని వాచ్‌మన్ కేకేశాడు.

అప్పుడొచ్చారు మేడం. మాకందరికీ ఒక సంగతి తెలుసు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, ఆ నెలలోనే రెన్యువల్, సంతకం పెట్టాల్సింది చైర్మన్. కార్యక్రమం చెడితే మొదట పోయేది ఆమె కొలువే. ఇప్పుడు చేతులు పట్టుకుని బతిమాలుతారు, మేం లేచి వెళ్తాం, అంతా మామూలే అనుకున్నాను. ఆ ఊహకే గుండె మండింది.

ఆమె బతిమాలలేదు. మా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. "ఏం జరిగింది షబానా గారూ?" అన్నారు. చివరిదాకా విన్నారు.

వెనకే ఏవో సార్ పరుగెత్తుకొచ్చాడు. "మేడం, చైర్మన్ సార్ వస్తుండు. జల్ది వీళ్లను లోపటికి తోలుండ్రి."

"తోలడానికి గొడ్లా సార్ వాళ్లు? హాల్లో అందరి ముందూ అన్నారు. హాల్లోనే సరిచేయండి."

"పోరగాండ్లకు నేను సారీ చెప్పాల్నా? మీ రెన్యువల్ యాదుందా మేడం?"

ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని లేచి, లోపలికి వెళ్లి మైకు అందుకున్నారు. మేమూ వెనకే వెళ్లాం. "కార్యక్రమం కాస్త ఆలస్యమవుతుంది, క్షమించండి. మిమ్మల్ని ఆహ్వానించాల్సిన పిల్లల్ని మేమే సరిగ్గా చూసుకోలేదు. ముందు అది సరిచేసుకుంటాం." తర్వాత వేదిక మీద తన కోసం వేసిన కుర్చీ ఎత్తి, మోసుకొచ్చి, ఎడమ గోడ పక్కన వేశారు. "రండి షబానా గారూ."

సరిగ్గా అప్పుడే చైర్మన్ గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటిది?" అన్నాడు.

"మా పిల్ల కూర్చుంటోంది సార్. అయ్యాక మొదలుపెడతాం."

షబానా కూర్చుంది, ఏడుస్తూనే. మేం బ్యాడ్జీలు మళ్లీ తగిలించుకున్నాం. ఆ రోజు మేం పనిచేసినట్టు ఇంకెప్పుడూ చేయలేదు. ఇందాక తల తిప్పుకున్న తండ్రి వెళ్లేటప్పుడు షబానా దగ్గర ఆగి "పైలం బిడ్డా" అన్నాడు.

రెన్యువల్ మాత్రం రాలేదు. యూసుఫ్‌గూడలో ఆమె ఇంటికి వెళ్లి నేను నోటికొచ్చినట్టు తిట్టాను, చైర్మన్‌ని, ఏవోని, నన్ను కూడా. ఆమె పప్పు రుబ్బుతూ విని "అయిందా? ఇక పెసరట్టు తిను" అన్నారు. మరుసటి ఏడు వాలంటీర్లుగా ఉండడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి ఏవో సారే ఆ ఇంటికి వెళ్లి ఆమెను పిలుచుకొచ్చాడు. అక్కడేం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆమె వచ్చారు, కుర్చీలూ వచ్చాయి.

నిన్న అదే హాల్లో సంతాప సభ పెట్టారు. నేనూ షబానా వెనక నిలబడ్డాం. హాలు కిక్కిరిసింది. ఈ ఏటి వాలంటీర్లు పూలు పట్టుకుని ఎడమ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల కుర్చీల్లో వచ్చినవాళ్లెవరో కూర్చున్నారు. నా ఒళ్లు మళ్లీ మండింది. ఒకడుగు ముందుకు వేశాను కూడా.

నాకన్నా ముందు ఏవో సార్ కదిలాడు. జుట్టంతా నెరిసింది, నడక నెమ్మదించింది. తన కుర్చీ తానే ఎత్తుకుని ఆ గోడ దగ్గరికి వెళ్లాడు. అక్కడున్న పిల్ల బ్యాడ్జీ దగ్గరికి వంగి, కళ్లజోడు సర్దుకుని పేరు చదివాడు.

"అనూష గారూ, కూసోండి."

"పర్లేదు సార్, మీరు కూర్చోండి" అంది ఆ పిల్ల కంగారుగా.

ఆయన కదల్లేదు. కుర్చీ వెనక పట్టీ మీద రెండు చేతులూ ఆనించి, ఆ పిల్ల కూర్చునేదాకా అలాగే నిలబడ్డాడు.