పదహారు చుట్లదాకా లెక్క సరిగ్గానే పెట్టాను

ఇది ఒక మహాకావ్యం. ఇందులో యుద్ధం నుంచి తిరిగొచ్చిన రథం ఉంది, దాన్ని అధిరోహించిన వీరుడున్నాడు, అతను జయించాల్సిన పర్వతం ఉంది.

ఇంతవరకూ రాసి ఒకసారి చదువుకున్నాను. రథం అంటే మిలటరీ వాళ్ళు వద్దనుకుని వేలంలో వదిలించుకున్న జీపు. వీరుడు మా బావ, బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. పర్వతం నౌబత్ పహాడ్. నాంపల్లి స్టేషన్లో దిగి, టీ తాగి, తాపీగా నడిచివెళ్ళొచ్చు. కాబట్టి కావ్యం సంగతి వదిలేద్దాం.

రాష్ట్రాలు కలిసిన మూడో ఏడో, నాలుగో ఏడో. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అబిడ్స్ వెనక సందులో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. అక్క, బావ, నేను. నేను డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం వెతుకుతున్నాను. ఉద్యోగం కూడా నాకోసం వెతుకుతోందనీ, పాపం దానికి ఇల్లు దొరకడం లేదనీ అక్కకి చెప్తుండేవాణ్ణి.

బేగం బజారులో అడవి సరుకు వ్యాపారం చేసే సేటు ఒకాయన, బీడీలకు వాడే తునికాకు కోసం ఆదిలాబాద్ అడవుల్లో తిరిగే మనిషి కావాలనీ, ఆ మనిషికి సొంత జీపుంటే మంచిదనీ బావతో అన్నాడు. బావ జీపు కొనకముందే ఆఫీసులో రాజీనామా ఇచ్చేశాడు. సేటు పని దొరక్కపోతే గుడివాడ వెళ్ళి, వాళ్ళన్నగారి బియ్యం మిల్లులో అన్నగారి కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చోవాలి. ఆ స్టూలు మీంచి లేచి పారిపోయి వచ్చినవాడే మా బావ.

అక్క నాంపల్లి స్టేషన్‌కి వెళ్ళి రైళ్ళ వేళల పుస్తకం కొనుక్కొచ్చి, గుడివాడ బండి ఉన్న పేజీ మడిచిపెట్టింది.

జీపుని బాగుచెయ్యడానికి ఒప్పుకున్న మనిషిది స్టేషన్ వెనక రేకుల షెడ్డు. పాత హైదరాబాదీ. ఊళ్ళో అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు, మేమూ అలాగే పిలిచాం. ఆయన మా జీపు చుట్టూ ఒకసారి తిరిగి, కింద వంగి చూసి, "సారూ, దీనికి వెనక ఇరుసు లేదు," అన్నాడు. బావ వేలంలో అంతదూరం చూడలేదు.

"ఫికర్ జెయ్యకున్రి. గాడ మూలకు ఇంకో జీపున్నది. దానికి వెనక ఉన్నది, ముందట లేదు. రెండు కలిపితె ఒకటైతది."

ఆ రోజుల్లో రాష్ట్రాల గురించి కూడా అందరూ అదే మాట అంటున్నారు కనక మేం అనుమానించలేదు.

రెండు నెలలు పని నడిచింది. తుప్పు గీకాం. కుదుపులు ఆపే కమాన్ పట్టీల కట్టకి ఒక్కో పట్టీ అదనంగా వేసి బండిని నాలుగు వేళ్ళు ఎత్తు లేపాం. టాపుకి కొత్త టార్పాలిన్ కుట్టించాం. అబిడ్స్‌లో ఒక సినిమాహాలు వాళ్ళు పారేసిన కుర్చీలు రెండు తెచ్చి వెనక బిగించాం, సీటు నంబర్లతో సహా. మేం అంటున్నాను గానీ పని ఉస్తాద్ చేశాడు. బావ అడవి గురించి ఉపన్యాసాలిచ్చాడు. నేను టీ తెచ్చాను.

నాకు అప్పగించిన అసలైన పని ఒక్కటే. నాలుగు చక్రాలూ లాగే బండిలో ఇంజను వైపు నుంచి ముందు ఇరుసుకొక షాఫ్టు, వెనక ఇరుసుకొక షాఫ్టు వెళ్తాయి. ఇరుసుల లోపలి పళ్ళ చక్రాలు రెండుచోట్లా ఒకే లెక్కలో ఉండాలి. లేకపోతే ముందు చక్రాలు ఒక వేగం అంటాయి, వెనకవి ఇంకో వేగం అంటాయి. ఇరుసు విప్పకుండా ఇది తెలుసుకోవడానికి ఉస్తాద్ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒక చక్రాన్ని జాకీ మీద లేపి, షాఫ్టు మీద సుద్దగీత గీసి, చక్రాన్ని పదిసార్లు తిప్పుతాడు. కింద షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో చూస్తే చాలు.

"నేను తిప్పుత. నువ్వు కింద పండుకొని లెక్కవెట్టు తమ్మీ."

ముందు ఇరుసుకి ఇరవై నాలుగు చుట్లూ, పైన కొంచెం వచ్చింది. తర్వాత వెనకది. పదహారుదాకా బాగానే పెట్టాను. సరిగ్గా అప్పుడు బావ, అడవిలో తను ఎలా తనిఖీకి వెళ్తాడో ఉస్తాద్‌కి నడిచి చూపించడం మొదలుపెట్టాడు. బండి కింద పడుకున్న నాకు మోకాళ్ళ కింది భాగం మాత్రమే కనబడుతోంది. ఆ కాళ్ళు ముళ్ళకంపలు దాటుతున్నాయి, వాగులు దాటుతున్నాయి, ఒకచోట పులిని చూసి ఆగాయి కూడా. నేను నవ్వాను. నవ్వు అయ్యాక చూస్తే చక్రం ఆగిపోయి ఉంది.

"ఎంతొచ్చింది?"

"అంతే. ఇరవై నాలుగూ కొంచెం."

"మంచిగ జూసినవా?"

"డిగ్రీ చదివినవాణ్ణి ఉస్తాద్."

ఏ డిగ్రీ అని ఆయన అడగలేదు. చరిత్ర అని నేను చెప్పలేదు.

శుక్రవారం పొద్దున సేటుకి జీపు చూపించాలి. రోడ్డు మీద తిప్పి చూపిస్తే ఏం గొప్ప అని, నౌబత్ పహాడ్ ఎక్కించి చూపిద్దామన్నాడు బావ. అప్పటికి దానిమీద బండలూ మేకలూ తప్ప పెద్దగా ఏమీ లేవు. చక్రాల కింద పెట్టమని అక్క నాలుగు నిమ్మకాయలు ఇచ్చింది. అయిదోది పులిహోరకి ఉంచుకుంది.

సేటు రిక్షాలో వచ్చి, ఒక రాయి మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. స్టీరింగు దగ్గర ఉస్తాద్, పక్కన బావ, వెనక సినిమా కుర్చీలో నేను. రోడ్డు దాటి మట్టి మీదికి రాగానే ఉస్తాద్ ముందు చక్రాలకీ ఇంజను బలం కలిపే లివరు వేశాడు. మట్టి మీద జీపు బాగానే పాకింది. బండ మీదికి వచ్చాక ఎగరడం మొదలుపెట్టింది. కింద ఏదో మెలిపడుతున్నట్టు మూలిగింది. ఒక్క కుదుపుతో ఇంజను ఆగిపోయింది. ఉస్తాద్ లివరు వెనక్కి లాగాడు. రాలేదు. బావా ఉస్తాదూ కలిసి లాగారు. రాలేదు. మేకలు నమలడం ఆపి చూశాయి.

"ఏం బిగించావయ్యా రెండు నెలలు?" అన్నాడు బావ.

"నేను బిగించింది బిగించినట్టే ఉన్నది సారూ. ముందట ఒక లెక్క, వెనక ఒక లెక్క ఉంటె గిట్లనే పట్టుకుంటది. బండ మీద చక్రం జారదు, ఏడికి పోతది?"

"అయితే నీ లెక్కే తప్పు."

"లెక్కవెట్టింది మీవోడే. పట్నమంత లెక్కలు రాయనీకె మీరే వచ్చిన్రు గద."

"మా వాళ్ళ జోలికి రాకు ఉస్తాద్. మీ వాళ్ళకి పానా పట్టుకోవడం వస్తే..."

ఇది ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు. "పదహారుదాకా నా లెక్కలో తప్పులేదు," అన్నాను. "తర్వాతది ఊహ."

ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"పదారు తర్వాత ఏమైంది తమ్మీ?"

"నవ్వొచ్చింది."

"దేనికిరా?" అన్నాడు బావ.

"నీ కాళ్ళు చూసి."

బావ ఒకసారి తన కాళ్ళకేసి చూసుకున్నాడు. తిడతాడనుకున్నాను. "అన్నయ్యకి ఏం చెప్పనురా," అన్నాడు, అంతే.

ఉస్తాద్ ఇంజను మళ్ళీ స్టార్టు చేసి, బండిని రెండు గజాలు వెనక్కి వదిలాడు. మెలి వీడి లివరు టంగుమని వచ్చేసింది. "దిగు. చక్రాల కింద రాళ్ళు వెట్టు," అన్నాడు నాతో. నాలుగు చక్రాలు, నాలుగు రాళ్ళు. ఈసారి రెండుసార్లు లెక్కపెట్టాను. ఆయన పానా తీసుకుని కిందికి దూరి, ముందు షాఫ్టు విప్పి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"పట్టుకో. గిది నీదే."

వెనక చక్రాల బలంతోనే జీపు సగం దాకా ఎక్కింది. అక్కడ గులకరాళ్ళ మీద టైర్లు జారాయి. మెల్లగా వెనక్కి దిగి వచ్చి సేటు ముందు ఆగాం. ఆయన గొడుగు మూసి లేచాడు.

"పైన ఏమున్నది?"

"కొండ, సేటుగారూ," అన్నాడు బావ. "మీరు అడవి అన్నారు కదా అని."

"అడివిల ఎడ్లబండ్ల బాట ఉన్నది. ఎడ్లబండి పోయే కాడికి ఇది పోతదా?"

"పోతది," అన్నాడు ఉస్తాద్.

"మరి కొండెందుకు ఎక్కిన్రు?"

సేటు జీపు చుట్టూ తిరిగి, టార్పాలిన్ గిల్లి చూశాడు.

"వాన పడితె ఆకు తడుస్తదా?"

"తడవదు. కుట్లకి మైనం రాయించాం," అన్నాడు బావ.

"అయితె సోమవారం రా."

ఇంటికొచ్చి చెప్పాం. అక్క రైళ్ళ పుస్తకంలో మడత విప్పి, ఆదిలాబాద్ పేజీ మడిచింది. జీపు ఉండగా రైలెందుకని బావ అడిగితే, "మీ తమ్ముడు లెక్కపెట్టిన బండిలో నేనెక్కను," అంది. నేను ఆవిడ తమ్ముణ్ణే అని గుర్తుచెయ్యడానికి అది సమయం కాదనిపించింది.

బావ ఆ అడవుల్లో ఆరు సీజన్లు తిరిగాడు. ముందు షాఫ్టు మళ్ళీ బిగించలేదు. అది లేనందువల్ల ఆ జీపు గాలను పెట్రోలుకి రెండు మైళ్ళు ఎక్కువ ఇచ్చేది.