మోటారు చప్పుడులో పోయిన జవాబు

ఆఫీసులో అందరూ ఆమెను చెవులమ్మ అనేవాళ్లు. మొహం మీద అన్నా ఏమీ అనుకునేది కాదు, పైగా లోలోపల కాస్త మురిసేది. చిత్రశాల వెనకవైపు, మెట్ల కింద గదిలో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఒక్కటే. హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింద పెడల్ నొక్కుతూ, టేపులో మనుషులు మాట్లాడింది మాట్లాడినట్టు టైపు కొట్టాలి. చిత్రకారులతో ప్రొఫెసర్లు, ప్రొఫెసర్లతో ప్రదర్శనలు ఏర్పాటు చేసే క్యురేటర్లు గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లు. ఆధునిక చిత్రకళ గురించి అంతసేపు మాట్లాడ్డానికి ఏముంటుందో మొదట్లో ఆమెకు అంతుపట్టలేదు. పోనుపోను ఎవరు బొమ్మ చూడకుండానే పొగుడుతున్నారో గొంతును బట్టి చెప్పేసేది.

ఆమెకో పట్టుదల ఉండేది. వినబడనిది చచ్చినా రాయదు. మాట తెలియకపోతే అక్కడ బ్రాకెట్లో 'వినబడలేదు' అని కొట్టి ముందుకు పోయేది. అలాంటి మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గడ్డి కరిచింది.

పన్నెండేళ్ల కిందటి మాట. సంభాషణల పుస్తకాలు వేసి పేరు తెచ్చుకున్న ప్రొఫెసరు ఒకాయన, ముసలి చిత్రకారుడి ఇంటి పెరట్లో కూర్చుని అడిగాడు: "మీ బొమ్మల్లో ఆ ఆడమనిషి ఎప్పుడూ అటు తిరిగే కూర్చుంటుందేమిటి?" సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో నీళ్ల మోటారు వేశారు. జవాబంతా అందులో కొట్టుకుపోయింది. చెవులమ్మ నలభైసార్లు వెనక్కి తిప్పి విన్నది. ఒక్క ముక్క చిక్కలేదు.

మామూలుగా అయితే బ్రాకెట్ పెట్టేసేదే. కానీ ముందు రోజే ఆ ప్రొఫెసరు నలుగురి ముందూ కాగితాలు ఊపుతూ, "ఇన్ని 'వినబడలేదు'లేమిటమ్మా, చెవులకు వయసొచ్చిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. అది గుచ్చుకుంది. దానికి తోడు ఇంట్లో మొగుడు ఆమెతో 'తాళం ఎక్కడ', 'లైటు తియ్యి' తప్ప ఇంకో మాట మాట్లాడి ఏళ్లయింది. ఆ ఉక్రోషంలోనో, ఆ ఆకలిలోనో, ముసలాయన అన్నట్టుగా ఇలా టైపు కొట్టేసింది: "మా ఆవిడ ఎదురుగా కూర్చుంటే చూస్తూ ఉండిపోతాను, బొమ్మ సాగదు. అందుకే అటు తిరిగి కూర్చోమంటాను."

అడిగినవాడు ప్రొఫెసరే కదా, చూసి దిద్దేస్తాడులే అనుకుంది. ప్రొఫెసరు చదివి తలూపాడు. "అచ్చం ఇలాగే అన్నాడు. ఇంకా నా చెవుల్లో ఉంది."

పుస్తకం రాకముందే చిత్రకారుడు పోయాడు. ఆ వాక్యానికి మాత్రం కాళ్లొచ్చాయి. దాని మీద వ్యాసాలు పడ్డాయి, సదస్సులు జరిగాయి. అది చూపును వదులుకోవడమని ఒక పండితుడు, కాదు చూపును దాచుకోవడమని ఇంకో పండితుడు వాదించుకుని పలకరింపులు మానేశారు. ఆ కొట్లాటల టేపులన్నీ చెవులమ్మ బల్ల మీదికే వచ్చేవి. తను పుట్టించిన మాట మీద వాళ్లు జుట్లు పట్టుకుంటుంటే పొల్లు పోకుండా టైపు కొట్టాల్సింది తనే. గదిలో ఇంకెవరూ లేకపోయినా సిగ్గుతో మొహం మండిపోయేది. చెప్పేద్దామని గుమ్మం దాకా వెళ్లి, టీ నీళ్లు తాగి వచ్చేసేది.

ఉద్యోగం ఇంకో నెల ఉందనగా ఆ చిత్రకారుడి బొమ్మలన్నిటితో పెద్ద ప్రదర్శన పెట్టారు. హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురు గోడ మీద, జానెడేసి అక్షరాల్లో, తన వాక్యం. కింద ఆయన పేరు. ఇవాళ చెప్పకపోతే నేను మనిషినే కాదు అనుకుని ఆ ప్రదర్శన పెట్టిన క్యురేటరమ్మ దగ్గరికి నడిచింది.

నోరు తెరవకముందే ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "మీకోసమే చూస్తున్నానండీ. ఆంటీ మిమ్మల్ని చూడాలంటున్నారు," అని గోడ వారగా కుర్చీలో ఉన్న పెద్దావిడ దగ్గరికి లాక్కెళ్లింది. చిత్రకారుడి భార్య. ఆవిడ ముఖాన్ని చెవులమ్మ చూడటం అదే మొదటిసారి.

"ఆయన టేపు రాసింది నువ్వేనటగా. కూర్చో తల్లీ," అంది పెద్దావిడ. "ముప్పై ఎనిమిదేళ్లు స్టూలు మీద గోడకేసి చూస్తూ కూర్చున్నాను. నా మొహం బాగోదు, అందుకే అటు తిప్పారనుకునేదాన్ని. ఎప్పుడూ అడగలేదు. అడిగితే అవునంటారేమోనని భయం. ఆయన పోయాక పుస్తకంలో చదివాను."

చెవులమ్మ ఆవిడకు ఎదురుగా కూర్చుంది.

"నువ్వు ఆయన గొంతులో విన్నావు కదా. ఎలా అన్నారు? విసుగ్గా అన్నారా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ఇంకాస్త ముందుకు వంగింది.

"లేదండీ," అంది చెవులమ్మ. "కాసేపు ఆగి... నవ్వుతూ అన్నారు."

ఒక అబద్ధం కడుక్కుందామని వచ్చి రెండోది చేసింది. ఇది రాతలో కాదు, ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూసి. వెనకనుంచి క్యురేటరమ్మ ఫోను తీసి ముందు పెట్టింది. "ఈ సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదండీ. రికార్డు చేస్తాను, ఇంకొక్కసారి చెప్పరూ?"

పెద్దావిడ చెవులమ్మ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, వినడానికి కళ్లు మూసుకుంది. "చెప్పు తల్లీ," అంది.

చెవులమ్మ మళ్లీ చెప్పింది.