ఒక్క దారంతో కట్టిన విమానం

మా మామ పోయారన్న మాట నాకు ఎనిమిదో తరగతి గది గుమ్మంలో అందింది. బడి ఆయా వచ్చి, "మేడం, మీ ఇంటాయన ఫోన్ జేసిండు, జర బయటికి రమ్మంటుండు" అంది. ఫోన్‌లో మా ఆయన గొంతు మామూలుగానే ఉంది. "బాపు పోయిండు. చాయ తాగుతనన్నడు, తెచ్చేసరికి లేడు. నువ్వు ఆగమాగం కాకు, మెల్లగ రా" అన్నారు. మెల్లగానే వెళ్లాను. కాళ్లు అంతకంటే వేగంగా కదల్లేదు. ఏడుపు రాలేదు. చాలా కాలంగా మంచాన ఉన్న మనిషికి కడిగి, తుడిచి, తినిపించినవాళ్లకు ముందు అలసటే వస్తుంది. ఏడుపు దాని వెనకాల ఎప్పుడో వస్తుంది. ఈ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

మా మామ సిరిసిల్లలో బతుకంతా మరమగ్గాలు నడిపిన మనిషి. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఆయన గురించి రాయాలంటే సాంచాల దగ్గర మొదలుపెట్టాలి గానీ, ఆయన్ని అడిగితే మాత్రం విమానం దగ్గరే మొదలుపెట్టమనేవారు.

నేను చెన్నూరు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, వెనక గదిలో ఇనుప సందుక మీద వెదురుబద్దల గూడు ఒకటి కనిపించింది. "అది కోళ్ల గంపనా అత్తమ్మా?" అని అడిగాను. మా అత్తమ్మ మూతి ముప్పై వంకరలు తిప్పి, "గంపన్న అయితె కోడిపిల్లలు పండుకుంటుండె. అది మీ మామ ఇమానం" అంది. ఆమె పోయేదాకా ఆ విమానంతో ఆమెకు సవతి పోరే.

చిన్నప్పుడు కిరాణా కొట్లో చింతపండు కట్టిచ్చిన కాగితం మీద మామ ఒక బొమ్మ చూశారట. ఒకదాని మీద ఒకటి రెండు వరుసల రెక్కలున్న పాతకాలం యుద్ధవిమానం. బొమ్మలో ముందు సగమే ఉంది, తోక ఉండాల్సిన చోట కాగితం చిరిగిపోయింది. ఆ కాగితమూ ఎన్నడో పోయింది. మిగిలిన సగం ఎలా ఉంటుందో ఊహించుకుంటూనే ఆయన పెద్దవారయ్యారు. కాబట్టి అది ఏ దేశంలోనూ ఎగిరిన విమానం కాదు. దసరా నాడు ఊరి బయటికి పోయి పాలపిట్టను చూసి వస్తాం కదా, ఆ పాలపిట్ట తోకనే దానికి పెట్టారు, ఆ నీలం రంగే వేశారు. నిర్మల్ దిక్కు బొమ్మలు చేసే పొణికి కర్ర తెప్పించి ఒళ్లంతా చెక్కారు. రెక్కలకు వెదురుబద్దలు, వాటి మీద కోరా గుడ్డ. చక్రాలు పాత బాబిన్లవి.

కొలత ఆయనదే. లోపల కూర్చునే మనిషి జానెడుంటాడనుకుని, మిగతావన్నీ తన జానతోనే కొలిచారు. కింది రెక్క చేసినప్పుడు చెయ్యి బాగుంది. పై రెక్కకు వచ్చేసరికి వేళ్లు వంకర తిరిగి జాన కురచైంది. అందుకని పై రెక్క నాలుగు వేళ్లు పొట్టిగా వచ్చింది. ఎవరైనా అడిగితే, "అది అంతే ఉంటది. మీకు ఎర్కలేదు" అని దబాయించేవారు.

తెలుగు చెప్పే పంతులమ్మను కదా, నాకు ప్రశ్నలెక్కువ. ముందున్న తుపాకీ పేలితే తూటా తిరిగే పంకకు తగలదా అని ఒకసారి అడిగాను. "సాంచల నాడె పొయ్యేటప్పుడు దారాలు తొవ్వ ఇడుస్తయి గద. గట్లనే పంక తొవ్వ ఇడిశినప్పుడే తూట పోతది" అన్నారు. నాడె అంటే మగ్గంలో అడ్డదారాన్ని అటూ ఇటూ మోసుకుపోయేది. రెక్కల మీద ఏ దేశం గుర్తూ లేదేమని ఇంకోసారి అడిగాను. "ఒక దేశం పేరు రాస్తె ఇంకో దేశాన్ని కొట్టాలె. నాకెవల మీద పగ ఉన్నది?" అన్నారు. మరి ఏ యుద్ధానికి పోయింది మామా అంటే నవ్వారు. "ఇది పొయ్యేటాళ్లకు యుద్ధమే ఒడిశింది బిడ్డా. గందుకే బతికింది."

సాంచాల చప్పుడుకు ఆయన చెవులు ఎప్పుడో దెబ్బతిన్నాయి. రెక్క మీది గుడ్డకు గంజి పట్టించి ఎండలో పెడితే అది ఆరి డప్పు తోలులా బిగుస్తుంది. బిగిసిందో లేదో గోటితో మీటి చూడాలి. మీటడం ఆయన పని, వినడం నా పని. "మోగిందా బిడ్డా?" అని నా ముఖంలోకి చూసేవారు. "మోగింది మామా!" అని వాడకట్టంతా వినబడేలా అరిచేదాన్ని. మోగనిది మోగిందని ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పి ఉంటే, ఎలాగో గానీ ఆయనకు తెలిసిపోయేది.

అసలు గొడవంతా దారంతో. రెండు రెక్కల నడుమ చిన్న కర్ర గుంజలుంటాయి. వాటి మధ్య అడ్డంగా, ఐమూలగా దారాలు లాగి కడితేనే పై రెక్క ఊగకుండా నిలబడుతుంది. మామ దాన్ని ముక్కలుగా కట్టేవారు కాదు. మైనం రాసిన ఒకే పొడవాటి దారంతో ఎడమ కొసన మొదలుపెట్టి, ఎక్కడా తెంపకుండా, ఎక్కడా ముడి వేయకుండా కుడి కొస దాకా తెచ్చేవారు. ఎక్కడ పుటుక్కుమన్నా మొత్తం వదులైపోయి పై రెక్క ఒక పక్కకు ఒరిగేది. అప్పుడు అంతా విప్పేసి కొత్త దారంతో మళ్లీ మొదటి నుంచి.

మా ఆయనకు ఇది చూస్తే ఒళ్లు మండేది. ఆయనా సాంచాల మనిషే. "ముక్కలు ముక్కలుగ కట్టరాదు బాపూ? ఒకటి తెగితె ఇంకోటి ఆపుతది" అన్నారొకసారి. ఆ మాట సరైనదే. మామ తల ఎత్తకుండానే, "అతుకుడంత సాంచల కాడ జేసిన. ఇంట్ల గూడ అతుకాల్నా?" అన్నారు.

ఆ తర్వాత మా ఆయన మళ్లీ ఆ మాటెత్తలేదు. సాంచాలో పోగు తెగితే సాంచా ఆగుతుంది. పరుగున వెళ్లి ముడి వేయాలి. అది వేసేలోగా పక్క సాంచాలో ఇంకోటి తెగుతుంది. ఒక మనిషి బతుకంతా అలా తెగినవి అతుకుతూ గడిచిపోతే, ముడి లేని వస్తువు ఒక్కటైనా చేసుకోవాలని అనిపించడంలో వింతేముంది? నాకు ఆ కోరిక అర్థమైంది. అర్థమైనా విసుగు మాత్రం తగ్గలేదు, ఎందుకంటే దారం అవతలి కొస పట్టుకుని ఆదివారాలు నిలబడేది నేనే.

మామ మంచాన పడ్డాక విమానాన్ని ఆయన ఎదురుగా, కనబడేలా పెట్టాం. పోయిన వానాకాలం ముసురుకు గుడ్డంతా మెత్తబడింది. వాన వెలిసి గట్టిగా ఎండ కాసిన నాడు గుడ్డ ఒక్కసారిగా బిగిసి, నడుమ దారం తెగింది. రెక్క ఒరిగింది. ఆయన మంచంలోంచి దాన్నే చూస్తూ ఉండేవారు. అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టినా చూపు అటే.

ఆ చూపు నన్ను తినేసేది. బడి, పేపర్లు దిద్దడం, పక్కబట్టలు ఉతకడం. ఒకనాడు బడి నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. "మామా, మొత్తం ఇప్పి మల్ల కట్టుడు నాతోని అయితలేదు. చాతనైతలేదు" అన్నాను. ఇంత గట్టిగా అనాలనుకోలేదు. కానీ ఆయనకు వినబడాలంటే అరవాలి.

ఆయన విమానం మీంచి చూపు తిప్పి నన్ను చూశారు.

"ముడెయ్యి బిడ్డా" అన్నారు. "అలిసిపోయినవ్. ముడెయ్యి."

వద్దన్నాను. ఆదివారం దాకా ఆగితే మొత్తం కొత్తగా కడతానన్నాను. ఆయన చెయ్యి ఊపి, దగ్గరికి తెమ్మన్నారు. మా పుట్టింట్లో నేత లేదు, నాకు వచ్చింది పూలదండకు వేసే ముడే. అదే వేశాను. శనగగింజంత వచ్చింది. మామ ముఖం చిట్లించి, వంకర వేళ్లతో గాల్లో చూపించారు. "ఇట్ల మడువు. కింది నుంచి తియ్యి. గట్టిగ గుంజకు, దానంతట అదే కూసుంటది." రెండోసారి వేస్తే ఆవగింజంత వచ్చింది. రెక్క లేచి నిలబడింది. ఆయన బొటనవేలితో దారాన్ని మెల్లగా తడుముకుంటూ వచ్చి ముడి దగ్గర ఆగారు.

"తగులుతున్నది" అన్నారు.

"బాగలేదా మామా?"

"ఉండనీ. నువ్వేసింది గద."

ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా విమానాన్ని ఆయన చేతికి అందేలా పెట్టాల్సి వచ్చేది. దారం వెంట బొటనవేలు పోయి, ముడి దగ్గర కాసేపు ఆగేది. తర్వాత రెక్క మీద గోటితో మీటి నా వైపు చూసేవారు. చివరికి అడగడానికి గొంతు కూడా రాలేదు. నేనే చెప్పేదాన్ని.

దినాలకు వచ్చిన చుట్టాల్లో మా చిన్నత్త పెద్దమనిషి. "ఆయనకిష్టమైన వస్తువు ఇంట్ల ఉండద్దు. బూడిదె తోటి మానేరుల ఇడువుండ్రి" అంది. మా ఆయన నా వైపు చూశారు. "యుద్ధానికే పంపలేదు చిన్నత్తా, నీళ్లల్లకెట్ల పంపుతం?" అన్నాను. నేను పెద్దవాళ్లకు ఎదురు చెప్పే మనిషిని కాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు.

అందరూ వెళ్లిపోయాక మొన్న ఆదివారం పొద్దున గుడ్డకు గంజి పట్టించి, విమానాన్ని వాకిట్లో ఎండకు పెట్టాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. "నడుమ దారం మాసింది చూసినవా? కొత్తది కట్టనా?" అన్నారు. చూశాను. మైనం రాసిన తెల్లటి దారమంతా తెల్లగానే ఉంది. ముడి ఉన్న చోట మాత్రం, బొటనవేలంత మేర, నల్లగా మాసి ఉంది. వద్దన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

ఎండ ఎక్కాక గుడ్డ ఆరింది. పై రెక్క మీద గోటితో మీటాను. మోగింది. దాంతో పాటు దారం మీది ఆ మాసిన చోటు సన్నగా వణికి, మళ్లీ నిలిచిపోయింది.